కడుపుతో ఉన్నప్పుడు జ్వరమొస్తే బిడ్డ మెదడు మీద పడుతుందా? అసలు ఇమ్యూనిటీకి మెదడులో ఏం పని?

నల్లగొండ_నాన్న
మా పాపకి నాలుగేండ్లు. పోయిన నెలనే ఆటిజం అని చెప్పిన్రు. కడుపుతోని ఉన్నప్పుడు మూడో నెలల నా భార్యకి వైరల్ ఫీవర్ వచ్చింది, మూడు రోజులు 102 ఉండె, తర్వాత తగ్గిపోయింది. ఇప్పుడు మా చుట్టాల గ్రూపుల ఎవరో ఒక వీడియో పెట్టిన్రు, తల్లికి జ్వరమొస్తే ఒంట్ల సైటోకైన్లు పుట్టి లోపల బిడ్డ మెదడుని పాడు చేస్తయంట. ఇగ అప్పటిసంది మా అమ్మ "నువ్వు ఆ వానల తడిసినవు కాబట్టే ఇట్లయింది" అని ఒకటే అనుడు. నా భార్య రాత్రిళ్లు నిద్రపోతలేదు. నేను చదివింది బీకాం, నాకు ఈ సైన్స్ రాదు. రెండే అడుగుతున్న. ఆ సైటోకైన్ అనేది నిజంగనే బిడ్డ మెదడు దాక పోతదా? రోగంతోని కొట్లాడేదానికి మెదడుల ఏం పని? ధైర్యం కోసం అబద్ధం చెప్పొద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి.

ఇద్దరి_అమ్మ
అన్నా ముందు ఆ గ్రూపు నోటిఫికేషన్లు వదిన ఫోన్లో ఆపేయండి. మా పెద్దోడికీ ఆటిజమే, ఇప్పుడు తొమ్మిదేళ్లు. నాకు కడుపుతో ఉన్నప్పుడు జ్వరం కాదు కదా జలుబు కూడా రాలేదు. నన్నేమన్నారో తెలుసా, "ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పనిచేశావు" అన్నారు. ఏదో ఒకటి అంటారు.

ప్రశ్నలపుట్ట
నేను బైపీసీ సెకండియర్. మెదడుకి ఇమ్యూన్ సిస్టమ్‌తో సంబంధం లేదు, మధ్యలో బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్, అంటే రక్తంలోవి మెదడులోకి పోకుండా ఆపే అడ్డుగోడ, ఉంటుంది అని మాకు చెప్పారు. మరి సైటోకైన్లు ఎలా వెళ్తాయి?

ల్యాబ్‌కోటు_72
నల్లగొండ అన్నా, మీ రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను, అది అర్థమైతే మొదటిది సగం తేలిపోతుంది. తమ్ముడూ ప్రశ్నలపుట్టా, నీకు చెప్పింది పూర్తిగా తప్పు కాదు గానీ చాలా పాత మాట. సైటోకైన్లంటే ఇమ్యూన్ కణాలు ఒకదానికొకటి పంపుకునే కబురు అణువులు. ఇవి బయటి నుంచి మెదడులోకి జొరబడాల్సిన అవసరమే లేదు, చాలావాటిని మెదడు తనే తయారు చేసుకుంటుంది, జబ్బు లేకపోయినా సరే. మైక్రోగ్లియా అనే కణాలు ఉంటాయి, మెదడులో కాపురం పెట్టిన ఇమ్యూన్ కణాలు అనుకోండి. ఇవి ఎముక మజ్జలో పుట్టినవి కావు, పిండం ఇంకా గింజంత ఉన్నప్పుడే యోక్ శాక్ అనే సంచిలో పుట్టి మెదడులోకి వలస పోతాయని ఎలుకల్లో 2010లో తేల్చారు. అంటే న్యూరాన్ల, అదే మెదడులో సంకేతాలు పంపే కణాల, అల్లిక ఇంకా సరిగ్గా మొదలవకముందే ఇవి అక్కడికి చేరి ఉంటాయి. కాపలాకే అయితే అంత తొందరగా ఎందుకు వెళ్లాలి? అవి మెదడుని కట్టే మేస్త్రీల్లో ఒక జట్టు, అందుకు. వాటి మాటామంతీ అంతా ఈ సైటోకైన్లు, కణాలకి దారి చూపించే కీమోకైన్లు, క్రిములకి గుర్తు పెట్టే కాంప్లిమెంట్ ప్రొటీన్లతోనే జరుగుతుంది.

కాకినాడ_కాజా
అంటే పోలీసోళ్లే వచ్చి ఇల్లు కట్టి పెడుతున్నారన్నమాట. మా వీధికి కూడా పంపించండి సార్, స్లాబు సగంలో ఆగింది.

ల్యాబ్‌కోటు_72
కట్టడమే కాదు కాజా, కూల్చేది కూడా వాళ్లే, అసలు కథ అక్కడే ఉంది. బిడ్డ మెదడు మొదట అవసరానికి మించి కనెక్షన్లు వేసేస్తుంది, సినాప్స్‌లంటారు. తర్వాత వాడకంలో లేనివి తీసేస్తుంది. ఏది తీయాలో ఎలా తెలుస్తుంది? రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మున్సిపాలిటీ వాళ్లొచ్చి ఇంటి గోడల మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టి పోతారు చూడండి, అలా సీ1క్యూ, సీ3 అనే ప్రొటీన్లు బలహీనమైన సినాప్స్‌ల మీద గుర్తు పెడతాయి. అవి రక్తంలో బాక్టీరియాకి గుర్తు పెట్టే ప్రొటీన్లే, వేరేవి కావు. బెత్ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త, తోటివాళ్లు 2007లో ఇది చూపించారు. ఆ ప్రొటీన్లు లేని ఎలుకపిల్లల్లో రెండు కళ్ల నుంచి వచ్చే తీగలు మెదడులో విడివిడిగా సర్దుకోకుండా కలగాపులగంగా ఉండిపోయాయి. గుర్తు పెట్టినవాటిని మైక్రోగ్లియా వచ్చి నిజంగానే మింగుతాయని 2012లో స్టీవెన్స్ బృందం చూపించింది. అంతకుముందు 2011లో ఇటలీలో ఇంకో బృందం, న్యూరాన్ నుంచి మైక్రోగ్లియాకి వెళ్లే ఒక కీమోకైన్ కబురు అందకపోతే ఈ ఏరివేత ఆలస్యమవుతుందని చూపించింది.

పల్నాటిపిల్ల
ఇది మా జొన్నచేలో పనే కదండీ. విత్తనం ఎప్పుడూ ఎక్కువే పడుతుంది, ఒత్తుగా మొలిచాక బలహీనంగా ఉన్న మొక్కలు పీకేసి పలుచన చేస్తాం. తీయకపోతే ఏ మొక్కకీ బలం ఉండదు, ఎక్కువ తీసేస్తే చేను బోసిపోతుంది. మరి మెదడులో ఎక్కువ పీకేస్తే ఏమవుతుంది? ఊరికే అడగట్లేదు. మా బాబాయి కొడుక్కి పంతొమ్మిదేళ్లప్పుడు స్కిజోఫ్రీనియా వచ్చింది, అప్పటిదాకా క్లాస్ ఫస్ట్. గాలి సోకిందని రెండేళ్లు తిప్పి ఆ తర్వాత డాక్టర్‌కి చూపించారు.

ల్యాబ్‌కోటు_72
పల్నాటిపిల్ల గారూ, మీరడిగిందాని మీదే 2016లో పెద్ద పరిశోధన వచ్చింది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు లేనివాళ్లు కలిపి దాదాపు 65 వేల మంది డీఎన్ఏ చూస్తే, ఆరో క్రోమోజోమ్ మీద సీ4 అనే జీన్ దగ్గర తేడా తేలింది. అది కూడా ఈ గుర్తు పెట్టే కుటుంబంలోదే. మెదడులో సీ4ఏ రకం ఎక్కువ తయారయ్యేవాళ్లకి జబ్బు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. నుదుటి వెనక ఉండే మెదడు భాగంలో ఈ పలుచన చేసే పని టీనేజ్ అంతా నడుస్తుంది, మీ తమ్ముడికి వచ్చిన వయసు చూడండి. కానీ ఆ "కొంచెం" అనే మాట గట్టిగా పట్టుకోండి. ఆ జీన్ ఉన్న చాలామందికి ఏమీ రాదు, జబ్బు వెనక ఇంకా వందల జీన్లున్నాయి.

పల్నాటిపిల్ల
పంతొమ్మిది. అంటే వాడి ప్రవర్తనలో తప్పు లేదు, పిన్ని పెంపకంలో తప్పు లేదు. థాంక్సండీ. ఇది పిన్నికి చెప్తాను.

గోదారిగట్టు
నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరయ్యానండి. అంతా బావుంది గానీ అసలు అడిగిందానికి సమాధానం ఇంకా రాలేదు. ల్యాబ్‌కోటు గారు మంచి వైపే చెప్తున్నారు. తల్లికొచ్చిన ఇన్ఫెక్షన్ బిడ్డ మెదడు మీద పడదు అనేస్తే అది తప్పండి. 1941లో ఆస్ట్రేలియాలో గ్రెగ్ అనే కంటి డాక్టరు, కడుపుతో ఉండగా రుబెల్లా అనే వైరస్ జబ్బు వచ్చిన తల్లుల పిల్లల్లో కంటిపొరలు చూశాడు. 1964, 65లో అమెరికాలో రుబెల్లా విరుచుకుపడితే దాదాపు 20 వేల మంది పిల్లలు దాని ప్రభావంతో పుట్టారు. వాళ్లలో 243 మందిని స్టెల్లా చెస్ అనే ఆవిడ పరిశీలిస్తే ఆటిజం మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కనిపించింది. 2015, 16లో బ్రెజిల్లో జికా వైరస్ సోకిన తల్లులకి చిన్న తలలతో పిల్లలు పుట్టిన సంగతీ ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పమని ఆయనే అడిగారు కదా.

ఇద్దరి_అమ్మ
మాస్టారూ ఆయన భార్య ఇది చదివితే పరిస్థితేంటి? మూడు రోజుల జ్వరానికి రుబెల్లా, జికా తెచ్చి ముందు పెట్టారు.

గోదారిగట్టు
భయపెట్టాలని కాదమ్మా. దాచిపెట్టింది తర్వాత ఎప్పుడో బయటపడితే ఇంకా ఎక్కువ బాధ.

ల్యాబ్‌కోటు_72
మాస్టారు చెప్పిన లెక్కలు నిజమే. కానీ ఒక తేడా ఉంది. రుబెల్లా, జికా వైరస్‌లు స్వయంగా మాయ దాటి బిడ్డ ఒంట్లోకి వెళ్లి అక్కడి కణాల్ని పాడుచేస్తాయి. నల్లగొండ అన్న అడిగింది వేరు, వైరస్ తల్లి దగ్గరే ఆగిపోయి తల్లి ఒంట్లో పుట్టిన సైటోకైన్లు మాత్రం బిడ్డని తాకడం గురించి. దాన్ని ఎలుకల్లో బాగా చూశారు. పాల్ ప్యాటర్సన్ అనే ఆయన బృందం 2007లో కడుపుతో ఉన్న ఎలుకకి పన్నెండున్నరో రోజున ఐఎల్-6 అనే సైటోకైన్ ఒక్క ఇంజెక్షన్ ఇస్తే పిల్లల ప్రవర్తనలో తేడా వచ్చింది. వైరస్‌లా నటించే మందు ఇచ్చినా అలాంటి తేడాయే వస్తుంది, కానీ దానితోపాటు ఐఎల్-6ని అడ్డుకునేది ఇస్తే రాలేదు. 2016లో గ్లోరియా చోయ్, జున్ హుహ్ బృందాలు ఐఎల్-17ఏ అనే ఇంకోదాన్ని పట్టుకున్నాయి. కాబట్టి అన్నా మీ మొదటి ప్రశ్నకి నిజాయితీ సమాధానం ఇదీ: అవును, తల్లి ఇమ్యూన్ కబురు మాయ ద్వారా బిడ్డ దాకా వెళ్లే దారి ఉంది.

నల్లగొండ_నాన్న
అంటే మా అమ్మ అన్నది నిజమేనా?

ఇద్దరి_అమ్మ
ల్యాబ్‌కోటు తమ్ముడూ ఇలా మధ్యలో ఆపొద్దు దయచేసి, మిగతాది తొందరగా రాయి.

డల్లాస్_లెక్కలు
ఆయన టైప్ చేసేలోపు నేను చెప్తా అన్నా, నా పనే ఇలాంటి హెల్త్ డేటా చూడటం. దారి ఉండటం వేరు, ఆ దారిలో మీ పాపకి ఏదో జరిగింది అనడం వేరు. మనుషుల్లో ఏం తేలిందో చూడండి. డెన్మార్క్‌లో 90 వేలకి పైగా పిల్లల తల్లుల్ని కడుపుతో ఉన్నప్పుడూ, కాన్పయిన కొత్తల్లోనూ ఫోన్ చేసి అడిగి రాసిపెట్టుకుని 2012లో లెక్క వేశారు. మామూలు జలుబులు, యూరిన్ ఇన్ఫెక్షన్లు, కొద్దిరోజుల జ్వరాలకి ఆటిజంతో చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. వారం అంతకంటే ఎక్కువ సాగిన జ్వరాలకి, ఫ్లూకి కొంత కనబడింది, అదీ యాదృచ్ఛికం కావచ్చని రాసినవాళ్లే అన్నారు. మీ ఇంట్లో మూడు రోజులు.

ఇంకోటి, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, 2022లో స్వీడన్ నుంచి వచ్చింది. గర్భంలో పెద్ద ఇన్ఫెక్షన్ వచ్చిన తల్లుల పిల్లల్లో ఆటిజం కొంచెం ఎక్కువ కనిపించింది, సరే. కానీ గర్భానికి ముందు ఏడాదిలో ఇన్ఫెక్షన్ వచ్చిన తల్లుల్లో కూడా అంతే కనిపించింది! అప్పుడు కడుపులో బిడ్డే లేదు కదా. తర్వాత ఒకే తల్లి పిల్లల్ని పోల్చారు, ఒక కాన్పులో ఇన్ఫెక్షన్ ఉండి ఇంకో కాన్పులో లేనివాళ్లని, తేడా దాదాపు పోయింది. అంటే ఆటిజానికి ఆ ఇన్ఫెక్షనే కారణం కాకపోవచ్చు, రెండింటికీ వెనక ఆ కుటుంబంలో ఉన్న ఇంకేదో కారణం ఉండొచ్చు. ఐదు దేశాల డేటా కలిపి 2019లో చూస్తే ఆటిజం వచ్చే అవకాశాల్లో తేడాకి దాదాపు 80 శాతం వంశపారంపర్యమే అని తేలింది.

కాకినాడ_కాజా
అయితే అత్తగారి వైపు జీన్లు కూడా లెక్కలోకొస్తాయన్నమాట. ఈ పాయింట్ ఆవిడకి మెల్లిగా చెప్పండి, నా పేరు మాత్రం చెప్పకండి.

ఇద్దరి_అమ్మ
కాజా 😂 పొద్దున్నుంచి నేను నవ్వింది ఇప్పుడే. కానీ నింద ఈ పక్క నుంచి తీసి ఆ పక్కన పెట్టడం కూడా వద్దులే, ముసలావిడ కూడా మనవరాలి మీద బెంగతోనే అంటోంది.

గోదారిగట్టు
డల్లాస్ బాబు చెప్పింది బలంగానే ఉందండి, ఒప్పుకుంటాను. కానీ స్వీడన్ లెక్క రుబెల్లాని కొట్టేయదు. అక్కడ కారణం కళ్లముందే ఉంది.

డల్లాస్_లెక్కలు
కొట్టేయదు మాస్టారూ. రుబెల్లా, జికా, సీఎంవీ లాంటి మాయ దాటే వైరస్‌లు వేరే లెక్క. వీడియో చేసినవాడు అన్నీ ఒకే గాటన కట్టేశాడు, నా గొడవంతా అక్కడే.

ల్యాబ్‌కోటు_72
సారీ, బస్సులో సిగ్నల్ పోయింది. డల్లాస్ గారు చెప్పేశారు, నేను ఇంకొక్కటి కలుపుతా. ఎలుకల్లో కూడా ఇది స్విచ్ వేస్తే లైటు వెలిగినట్టు ఉండదు. అదే మందు, అదే రోజు ఇచ్చినా తల్లి పేగులో ఒక రకం బాక్టీరియా లేకపోతే పిల్లల్లో ఆ ప్రభావమే రాలేదని 2017లో తేలింది. పైగా ఆ ప్రయోగాల్లో ఇచ్చే మోతాదు పెద్దది, ఎలుక మెదడు కాలక్రమం వేరు. ఎలుకతో దారి తెలుస్తుంది గానీ ఒక్కో మనిషి విషయంలో తీర్పు చెప్పలేం.

ప్రశ్నలపుట్ట
ఒక డౌట్. ఇది బాక్టీరియా గుర్తు పెట్టే ప్రొటీన్, ఇది వైరస్‌తో కొట్లాడే అణువు అని చదువుకున్నాం. అవి మెదడులో పనిచేస్తాయని ఎవరికి ఎలా తట్టింది? వెతుకుతూ వెళ్లారా?

ల్యాబ్‌కోటు_72
మంచి ప్రశ్న తమ్ముడూ, వెతుకుతూ వెళ్లలేదు. కార్లా షాట్జ్ అనే ఆవిడ పిల్లి పిండాల్లో కంటి నుంచి మెదడుకి వెళ్లే తీగల మీద పనిచేసేవారు. ఆ తీగల్లో కరెంటు లాంటి సంకేతాల్ని ఆపేస్తే ఏ జీన్లు తగ్గుతాయో చూద్దామనుకున్నారు. 1998లో బయటపడింది ఎంహెచ్‌సీ క్లాస్ వన్! టీ కణాలకి "ఈ కణం మనదా, వైరస్ పట్టిందా" అని చూపించే చీటీ లాంటిది, మీ పుస్తకంలోనే ఉంటుంది. న్యూరాన్లలో అది ఉండదనే అప్పటిదాకా అందరూ నమ్మేవాళ్లు. 2000లో ఆ కబురు అందని ఎలుకల్లో చూస్తే కంటి తీగల సర్దుబాటు సరిగ్గా జరగలేదు. దాని తర్వాత టీఎన్ఎఫ్ వచ్చింది, ఒళ్లు నొప్పులప్పుడు మనం తిట్టుకునే సైటోకైనే, మెదడులో చుట్టుపక్కల సందడి తగ్గితే సినాప్స్‌ల వాల్యూమ్ పెంచడానికి, న్యూరాన్లకి తోడుండే గ్లియా కణాలు దాన్నే వదులుతాయని 2006లో తేలింది. ఐఎల్-33 వచ్చింది, ఆస్ట్రోసైట్లనే గ్లియా కణాలు అది వదిలి మైక్రోగ్లియాని ఏరివేతకి పురమాయిస్తాయి, 2018. సీఎక్స్‌సీఎల్12 అని ఒకటుంది, తెల్ల రక్తకణాలకి దారి చూపించేది, చిన్నమెదడులో పసి న్యూరాన్లు వాటి చోట్లో కుదురుగా ఉండటానికి అదే కావాలి. ప్రకృతి ఒకసారి తయారు చేసుకున్న పనిముట్టుని పారేయదు, గునపంతో బావీ తవ్వుతారు మొక్కా నాటుతారు.

ప్రశ్నలపుట్ట
ఈ చాప్టర్ మా సార్ ఇలా చెప్పుంటే బావుండేది. ఒకటే అణువు రెండు చోట్ల రెండు పనులు.

సిద్ధిపేట_చిన్నక్క
మరైతే టీకా వేసినా జ్వరం వస్తది, సైటోకైన్లు పుడతయి కదా. మా వాడకట్టుల ఒకామె ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాతోని ఆటిజం వస్తదని పిల్లగానికి ఏపియ్యనే లేదు. అది కూడ ఇదేనా?

గోదారిగట్టు
ఆ మాట ఇక్కడితో ఆపేద్దామమ్మా. 1998లో లండన్లో ఒక డాక్టరు పన్నెండు మంది పిల్లల్ని చూపించి, ఎంఎంఆర్ టీకాకీ (ఇందులో గవదబిళ్లల టీకా కూడా కలిపి ఉంటుంది) ఆటిజానికీ సంబంధం ఉందన్నట్టు ఒక పేపరు రాశాడు. అందులో మోసం బయటపడి 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, ఆయన లైసెన్సూ పోయింది. ఆ తర్వాత దేశదేశాల్లో లక్షల మంది పిల్లల్ని చూశారు, సంబంధం లేదు. పైగా చూడండి, రుబెల్లా కడుపులో బిడ్డ మెదడుని పాడుచేస్తుందని మనకి ఖాయంగా తెలుసు, ఆ రుబెల్లాని ఆపేదే ఈ టీకా. ఆటిజం భయంతో ఈ టీకా మానేయడమంటే దొంగ భయంతో తాళం తీసేయడమే. ఆవిణ్ని చేయి పట్టుకుని పీహెచ్‌సీకి తీసుకెళ్లండి.

సిద్ధిపేట_చిన్నక్క
సరే సార్. రేపు పొద్దుగాల్ల పోయి చెప్త.

వైజాగ్_వాన
నాది కొంచెం వింత అనుభవం, ఎక్కడ చెప్పినా నమ్మరు. మా అబ్బాయికి ఏడేళ్లు, ఆటిజం. వాడికి జ్వరం వస్తే మామూలుగా ఉండేదానికంటే బాగుంటాడు! కళ్లలోకి చూస్తాడు, ఒళ్లోకి వస్తాడు, రెండు మూడు మాటలు ఎక్కువ అంటాడు. జ్వరం తగ్గాక మళ్లీ మామూలే. మొదటిసారి జరిగినప్పుడు నేను సంతోషపడాలో ఏడవాలో తెలీక వాడి పక్కనే కూర్చుండిపోయాను. డాక్టర్‌కి చెప్తే నీరసంతో నెమ్మదించాడు అంతే అన్నారు.

ఇద్దరి_అమ్మ
మా పెద్దోడికీ అంతే!! నేనొక్కదాన్నే అనుకున్నా ఇన్నాళ్లూ.

ల్యాబ్‌కోటు_72
వైజాగ్ వాన గారూ, మీరు చూసింది నిజం. 2007లో ఆటిజం ఉన్న 30 మంది పిల్లల్ని జ్వరంలో, జ్వరం తగ్గాక పరిశీలించి రాశారు, చాలామందిలో చిరాకు, చేసిందే చేయడం తగ్గాయి. జ్వరం తక్కువున్నా ఎక్కువున్నా కూడా. 2020లో ఎలుకల్లో దీనికి ఒక కారణం దొరికింది. నేను పైన ఐఎల్-17ఏ గురించి రాశాను కదా, కడుపులో ఉన్నప్పుడు తేడా తెచ్చిందని. పెద్దయ్యాక అదే పిల్ల ఎలుకలకి జ్వరం తెప్పించేది ఇస్తే ఐఎల్-17ఏ పెరిగి మెదడులో ఒక చిన్న ప్రాంతంలో న్యూరాన్ల అతి హడావిడిని నెమ్మదింపజేసింది, అవి తోటి ఎలుకలతో కలవడం మొదలుపెట్టాయి. ఒకే అణువు, ఒక వయసులో ఒక పని, ఇంకో వయసులో ఇంకో పని. జీన్ మార్పుతో తయారుచేసిన ఎలుకల్లో ఆ లాభం రాలేదు, కాబట్టి అందరు పిల్లలకీ ఒకేలా ఉండదు. ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్తున్నా, దీన్ని చూసి ఎవరూ పిల్లలకి జ్వరం తెప్పించే ప్రయత్నాలు, బయట అమ్మే "ఇమ్యూనిటీ" ఇంజెక్షన్లు చేయొద్దు.

వైజాగ్_వాన
అయ్యో అలాంటిదేం చేయను. వాడు లోపల ఉన్నాడని, మాకు కనిపించింది భ్రమ కాదని ఒకరు చెప్పారు, నాకు అది చాలు ఇవాళ్టికి.

నల్లగొండ_నాన్న
అందరివి చదివిన, రెండుసార్లు. సమజైనకాడికి మా ఇంట్ల కూసొని చెప్పిన. మెదడుల ఆ వస్తువులు జ్వరం లేకున్నా ఉంటయి, అవి లేకపోతే బిడ్డ మెదడే సక్కగ తయారు కాదు, మూడు రోజుల జ్వరంతోనే ఇట్లయిందని ఎవ్వరూ చెప్పలేరు, వానకైతే అసలే సంబంధం లేదు అని. రోడ్డు మీద ఎర్ర గుర్తుల ముచ్చట చెప్తే మా అమ్మకి తొందరగ ఎక్కింది, మా పాత ఇల్లు అట్లనే పోయింది. తప్పయింది అని అయితే అనలే. కొంచెం సేపు ఊకున్నది, తర్వాత సోమవారం పాప స్పీచ్ థెరపీకి తను కూడ వస్త అన్నది. నా భార్య ఇదంతా వింటుంది కానీ ఇంకా ఏం మాట్లాడతలేదు.

ఇద్దరి_అమ్మ
టైమ్ ఇవ్వండి అన్నా. నాకు రెండేళ్లు పట్టింది. వదినకి మాట్లాడాలనిపిస్తే ఇక్కడే నాకు మెసేజ్ పెట్టమనండి, రాత్రి ఎంత లేటైనా పర్లేదు. థెరపీ మాత్రం ఒక్క వారం కూడా వదలొద్దు, స్పీచ్‌తో పాటు ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) కూడా అడగండి.

నల్లగొండ_నాన్న
చెప్త అక్క. ఇంకొకటి అడగాలె. మేము రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నం, ఆమెకి మస్తు భయం. ముందుగాల్ల ఏం చేసుకోవాలె? ఈసారి జ్వరమొస్తే ఏం చేయాలె?

డల్లాస్_లెక్కలు
ఒక బిడ్డకి ఆటిజం ఉంటే రెండో బిడ్డకి అవకాశం మామూలు కంటే ఎక్కువే, అది ముందే తెలుసుకుని ఉండండి. డాక్టర్‌ని జెనెటిక్ కౌన్సెలింగ్ గురించి అడగండి. బిడ్డ పుట్టాక మొదటి రెండేళ్లు మాట, చూపు, పిలిస్తే తిరగడం గమనిస్తూ ఉంటే తేడా ఏదైనా తొందరగా తెలుస్తుంది.

గోదారిగట్టు
రుబెల్లా యాంటీబాడీ పరీక్ష చేయించండి బాబూ, రక్తపరీక్షే. రక్షణ లేదని వస్తే గర్భం రాకముందే ఎంఎంఆర్ వేయించుకోవాలి, గర్భంతో ఉన్నప్పుడు వేయరు, అందులో బతికున్న వైరస్ ఉంటుంది. వేయించుకున్నాక కనీసం ఒక నెల ఆగాలి.

ల్యాబ్‌కోటు_72
జ్వరమొస్తే ఇంట్లో ఓర్చుకుంటూ కూర్చోవద్దు, అదే రోజు గైనకాలజిస్ట్‌కి ఫోన్ చేసి వాళ్లు చెప్పినంత మోతాదులో పారాసెటమాల్ వేసుకోవాలి. పారాసెటమాల్‌తో ఆటిజం అని ఈమధ్య ఒక గోల నడుస్తోంది, దాని మీద కూడా స్వీడన్లో 24 లక్షలకి పైగా పిల్లల లెక్క 2024లో వచ్చింది, అన్నదమ్ముల్ని అక్కచెల్లెళ్లని పోల్చి చూస్తే సంబంధం కనబడలేదు. జ్వరం మూడో రోజుకీ తగ్గకపోతే, ఒంటి మీద దద్దుర్లు వస్తే నేరుగా ఆసుపత్రికే.

నల్లగొండ_నాన్న
ఆ రుబెల్లా పరీక్ష పొద్దున పరిగడుపున ఇయ్యాల్నా, ఎప్పుడన్న ఇయ్యచ్చా?

గోదారిగట్టు
ఎప్పుడైనా ఇవ్వచ్చండి. టిఫిన్ చేసే వెళ్లండి.